నిశానీ నుండి సంతకానికి: మారిషస్ స్వాతంత్ర్య చరిత్రలో మనవారు

మన మేత్రాసన శతాబ్ది సంచికలో ఆఫ్రికా ఖండానికి చేరిన ఒక చిన్న ద్వీపం చరిత్ర ఎందుకని పాఠకులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు మన జిల్లాల పల్లెల్లోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారికి వలస అనగానే రంగం గుర్తుకు వస్తుంది. బర్మాకు వెళ్ళి వచ్చిన పెద్దల కథలు వినని కుటుంబం ఇక్కడ అరుదు. కాని రంగం వలస జోరందుకోక ముందే మనవారు మరొక సముద్రం దాటారు. ఆఫ్రికా తూర్పు తీరానికి ఆవల, హిందూ మహాసముద్రం నడుమనున్న మారిషస్ ద్వీపానికి చెరకు కూలీలుగా వెళ్ళారు. వెళ్ళినవారిలో చాలామంది తిరిగి రాలేదు. వారి మనుమలు, మునిమనుమలు 1968లో ఒక స్వతంత్ర దేశానికి పౌరులయ్యారు. ఆ దేశం స్వాతంత్ర్యం పొందిన మార్గంలో తెలుగు అక్షరానికి కూడా ఒక పాత్ర ఉంది. ఆ సంగతిని మన సంఘస్థుల ముందుంచటమే మా ఉద్దేశము.

ద్వీపము, దాని యజమానులు

మారిషస్ ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. మన ఒక జిల్లాకంటె చిన్నది. ఐరోపావారు వచ్చేనాటికి అక్కడ స్థిరనివాసులు లేరు. 1598లో డచ్చివారు దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1710లో వారు విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు ఆక్రమించుకొన్నారు. ఆఫ్రికా నుండి, మడగాస్కరు నుండి బానిసలను తెచ్చి తోటలు వేయించారు. 1810 డిసెంబరులో ఇంగ్లీషువారు ద్వీపాన్ని గెలుచుకొన్నారు. 1814 నాటి పారిస్ సంధి దానిని ఖాయపరచింది. అయితే ఫ్రెంచి తోటల యజమానుల ఆస్తులకు, భాషకు, చట్టాలకు, ఆచారాలకు భంగం రానీయమని ఇంగ్లీషువారు మాట ఇచ్చారు. కనుక జెండా మారింది గాని భూమి చేతులు మారలేదు. ఆ తరువాతి నూటయేభై ఏండ్ల చరిత్రకు ఇదే మూలము.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. సుమారు 66,000 మంది బానిసలకు విడుదల కలిగింది. నష్టపరిహారం మాత్రం బానిసలకు గాక యజమానులకు అందింది. ఇరవై లక్షల పౌండ్లకు పైగా చెల్లించారు. విడుదలైనవారిని ఇంకా కొన్ని సంవత్సరాలు అదే యజమాని వద్ద శిక్షణ పేరుతో కట్టడి చేశారు. ఆ గడువు 1839లో తీరగానే వారిలో చాలామంది తోటలు వదలి పట్టణాలకు, తీరానికి వెళ్ళిపోయారు. అనాథలైన ఆ ప్రజల మధ్యకు 1841లో ఫాదర్ జాక్ దెజిరె లావాల్ అనే గురువు వచ్చారు. ఆయన గురువు కాకమునుపు వైద్యుడు. బానిసలుగా బతికినవారి క్రియోల్ భాష నేర్చుకొని, వారి భాషలోనే బోధించి, 1864లో మరణించేదాకా వారితోనే ఉన్నారు. 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యుల శ్రేణిలో చేర్చారు. సెప్టెంబరు నెలలో ఆయన సమాధి వద్దకు క్రైస్తవులే కాక హిందువులు, మహమ్మదీయులు కూడా నడిచి వస్తారు.

కోరంగి పేరు

బానిసలు వెళ్ళిపోయిన తోటలకు చేతులు కావలసివచ్చెను. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవులో దింపింది. అప్పటినుండి ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఆ రేవులో దిగారు. వారిలో లక్షన్నరకు పైగా తిరిగి వచ్చారు. మిగిలినవారు అక్కడే ఉండిపోయారు. వారు దిగిన మెట్లు నేటికీ ఉన్నాయి. ఆ స్థలానికి ఆప్రవాసీ ఘాట్ అని పేరు. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు బీహారు ప్రాంతపు భోజ్‌పురి మాట్లాడేవారు. మద్రాసు రాజధాని నుండి వెళ్ళినవారిలో తమిళులు, తెలుగువారు ఉన్నారు. తెలుగువారు గోదావరి, విశాఖపట్టణం, గంజాం జిల్లాల నుండి వెళ్ళారు. ఇక్కడ పాఠకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి. అంతకుముందు శ్రీకాకుళం పట్టణం చిరకాలం గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం, బొబ్బిలి, సాలూరు విశాఖపట్టణం జిల్లాలో ఉండేవి. కనుక పాత దస్తావేజుల్లో గంజాం, విశాఖపట్టణం అన్న పేర్లు కనిపించిన చోట మన ఊళ్ళ మనుష్యులు కూడా ఉండవచ్చును.

మొదటి రోజుల్లో మనవారు గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుండి ఓడ ఎక్కేవారు. అందుచేత మారిషస్‌లో తెలుగువారికందరికీ కోరంగీలు అని పేరు పడింది. రంగంలో కూడా మనవారిని అదే పేరుతో పిలిచేవారు. కూలీల పట్ల జరుగుతున్న అక్రమాలు బయటపడి 1838లో వలసను నిలిపివేశారు. 1842లో తిరిగి అనుమతించినప్పుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుండి మాత్రమే పోవలెనని చట్టం చేశారు. అప్పటినుండి మన ప్రాంతపువారు ముందుగా మద్రాసు చేరి, అక్కడి డిపోలో కాచుకొని, ఓడ ఎక్కవలసివచ్చింది.

ఎందుకు వెళ్ళారు? 1832-33లో గుంటూరు కరువు, 1866లో గంజాం కరువు, 1876-78లో దక్షిణ దేశమంతటా వచ్చిన మహాకరువు. వీటికి తోడు జమీందారీ శిస్తులు, మేస్త్రీల మాయమాటలు. వెళ్ళినవారి ఒప్పందం సాధారణంగా ఐదేండ్లు. నెలకు ఐదు రూపాయల జీతం. బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. ఆ ఒప్పంద పత్రాన్ని చదువగలిగినవారు వారిలో ఎందరు? చదువురానివాడు పత్రం అడుగున ఒక గీతో, గుర్తో పెట్టేవాడు. దానినే మన పల్లెల్లో నిశానీ అంటాము. ఆ నిశానీతోనే ఐదేండ్ల జీవితం దొర చేతిలోకి పోయేది.

కాగితాల చెర

బానిసత్వం పోయిందన్న దేశంలో ఈ కూలీల బతుకు ఎట్లుండేదో రెండు సంగతులు చాలును. మొదటిది జోడు కోత. ఒక దినం పనికి రాకపోతే రెండు దినాల కూలి కోసేవారు. జ్వరంతో మంచమెక్కినవాడు నెలాఖరుకు దొరకే బాకీ పడేవాడు. రెండవది 1867 నాటి చట్టము. ఒప్పందం తీరి స్వేచ్ఛగా బతుకుదామన్న పాత కూలీలు ఫోటో అంటించిన చీటీని, పోలీసు పాసును ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవలెను. అది లేకుండా దారిలో దొరికితే దేశదిమ్మరి అని పట్టి శిక్షించేవారు. తిరిగి ఒప్పందంలో చేరటం తప్ప వేరు గతి లేకుండా చేయటమే ఆ చట్టం ఉద్దేశము.

1871లో ఈ కూలీలు తమ కష్టాలను అర్జీగా వ్రాయించారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఐరోపా తోటదారు వారికి సహాయపడ్డాడు. ఆ అర్జీపై 9,401 మంది పేర్లు చేరాయి. తోటి తెల్లవారు ఆయనపై పగబట్టారు. కాని ఆ అర్జీ ఫలితంగా 1872లో రాజ విచారణ సంఘం వచ్చింది. 1875లో దాని నివేదిక కూలీల కష్టాలు నిజమని తేల్చింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. ఒక్కొక్క గుర్తుకు బలం లేదు గాని, తొమ్మిదివేల గుర్తులు ఒకే కాగితంపై చేరినప్పుడు లండనులో వినిపించింది. స్వాతంత్ర్యానికి వేసిన మొదటి మెట్టు ఇదేనని మా అభిప్రాయము.

చక్కెర ధర పడిపోయిన కాలంలో దొరలు తమ తోటల అంచులను చిన్న చిన్న మడులుగా అమ్మివేశారు. పైసా పైసా కూడబెట్టిన కూలీలు వాటిని కొన్నారు. కూలి రైతయ్యాడు. రైతుకు ఊరు ఏర్పడింది. ఊళ్ళో సాయంకాలం కూడుకొనటానికి ఒక పాక, పాకలో పిల్లలకు అక్షరాలు చెప్పటానికి ఒక పెద్దమనిషి. అట్టి పాకను అక్కడ బైఠకా అనేవారు. తెలుగువారున్న చోట రామభజన జరిగేది. సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ ఆ ద్వీపంలో జరుగుతున్నది. ఆ పూజ ఏ తీరం నుండి వెళ్ళిందో మనకు వేరే చెప్పనక్కరలేదు. సింహాద్రి, అప్పడు, సన్యాసి వంటి మన ప్రాంతపు పేర్లు అక్కడ ఫ్రెంచి వర్ణక్రమంలో ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి.

ఓటు ఎవరిది?

1885లో మారిషస్‌కు ఒక రాజ్యాంగం వచ్చింది. శాసనసభకు పదిమందిని ఎన్నుకోవచ్చును. కాని ఆస్తి, ఆదాయం ఉన్నవారికే ఓటు. మూడున్నర లక్షల పైచిలుకు జనాభాలో ఓటర్లు సుమారు నాలుగువేలు. జనాభాలో మూడింట రెండువంతులైన భారతీయులకు ఆ సభలో గొంతు లేదు.

1901 అక్టోబరులో గాంధీగారు దక్షిణాఫ్రికా నుండి స్వదేశానికి వస్తూ దారిలో మారిషస్‌లో రెండు వారాలకు పైగా ఆగారు. పిల్లలను చదివించండి, రాజకీయాలలో పాల్గొనండి అని అక్కడివారికి సలహా ఇచ్చారు. 1907లో మణిలాల్ డాక్టరు అనే న్యాయవాది వచ్చి, కూలీల తరఫున కోర్టుల్లో వాదించి, 1909లో హిందుస్తానీ అనే పత్రిక నడిపారు. 1910లో ఒప్పందపు కూలీల వలస ఆగిపోయింది. 1926లో మొదటిసారిగా భారతీయ సంతతివారు ఇద్దరు సభకు ఎన్నికయ్యారు.

అయినను తోటలో పని మారలేదు. 1936లో డాక్టరు మారిస్ క్యూరే అనే క్రియోల్ వైద్యుడు లేబరు పార్టీ స్థాపించారు. భారతీయ కూలి, ఆఫ్రికా సంతతి కార్మికుడు ఒక్క జెండా కిందికి రావలెనన్నది ఆయన ఆశయం. 1937 ఆగస్టులో యూనియన్ ఫ్లాక్ తోట వద్ద చెరకు రైతులపై, కూలీలపై కాల్పులు జరిగి నలుగురు మరణించారు. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హరేల్ తోటలో సమ్మె చేసినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. మరణించినవారిలో తమిళ సంతతికి చెందిన అంజలై కూపెన్ అనే యువతి ఉన్నది. అప్పుడామె గర్భవతి. నేడు ఆ దేశంలో ఒక క్రీడారంగానికి ఆమె పేరున్నది.

1948: పలక పట్టిన పెద్దలు

మా వ్యాసానికి ప్రాణమైన ఘట్టం ఇదే. యుద్ధానంతరం 1947లో ఇంగ్లీషువారు కొత్త రాజ్యాంగం ఇచ్చారు. ఆస్తి లేకున్నను, ద్వీపంలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో సులభమైన వాక్యాలు చదివి వ్రాయగలిగిన వయోజనునికి ఓటు ఇస్తామన్నారు. ఆ భాషల జాబితాలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, గుజరాతీ, చైనా, క్రియోల్ భాషలతో పాటు తెలుగు కూడా ఉన్నది.

దొరలు ఏమనుకొన్నారో ఊహించవచ్చును. చెరకు నరికే చేతులు కలం పట్టగలవా? ఈ ప్రశ్నకు బాసుదేవ్ బిసూన్‌దయాల్ అనే ఉపాధ్యాయుడు జవాబు చెప్పారు. ఆయన అప్పటికే జన ఆందోళన్ అనే ఉద్యమం నడుపుతున్నారు. ఆయన స్వచ్ఛంద సేవకులు ఊరూరా తిరిగి, పగలంతా పొలంలో పనిచేసి వచ్చిన స్త్రీ పురుషులకు రాత్రివేళ దీపం ముందు అక్షరాలు దిద్దించారు. ఆ ఉద్యమంలో హిందీదే ప్రధాన స్థానం. తెలుగువారు కూడా కునికిపాట్లు పడలేదు. వారు 1946లోనే మారిషస్ ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, తమ భాషను, ఆచారాలను నిలుపుకొనే పని ప్రారంభించారు.

ఫలితమేమి? ఓటర్ల సంఖ్య సుమారు పన్నెండువేల నుండి సుమారు డెబ్బైరెండువేలకు పెరిగింది. 1948 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో భారతీయ సంతతివారు మొదటిసారిగా పెద్ద సంఖ్యలో సభలో కూర్చున్నారు. ఒక స్త్రీ కూడా ఎన్నికయ్యారు. తాతలు నిశానీ పెట్టి పోగొట్టుకొన్న హక్కును మనుమలు వాక్యం వ్రాసి రాబట్టుకొన్నారు. నూరేండ్ల క్రితం మన తీరం నుండి మూటలో పెట్టుకొనిపోయిన తెలుగు, ఒక ఆఫ్రికా దేశంలో ఓటు తెచ్చిన తెలుగయింది. మన తెలుగు చరిత్రలో ఇట్టి ఘట్టం మరొకటి అరుదు.

స్వాతంత్ర్యము, దాని వెంట భయము

1959 మార్చిలో చదువుతో పని లేకుండా వయోజనులందరికీ ఓటు వచ్చింది. లేబరు పార్టీ నాయకుడు డాక్టరు శివసాగర్ రామ్‌గులాం 1961లో ముఖ్యమంత్రి అయ్యారు. బీహారు నుండి వలస వచ్చిన కూలి కుమారుడాయన. 1957లో ఘనా, తరువాత ఒక్కొక్కటిగా ఇతర ఆఫ్రికా దేశాలు స్వతంత్రమవుతున్న కాలమది. 1965 సెప్టెంబరులో లండనులోని లాంకాస్టర్ భవనంలో సమావేశం జరిగి, మారిషస్ స్వాతంత్ర్యానికి అంగీకారం కుదిరింది.

కాని దేశమంతా సంతోషించలేదు. ఈ విషయం దాచకుండా చెప్పటం మన ధర్మము; ఎందుకనగా భయపడినవారిలో మన మతస్థులే అధికులు. క్రియోల్ ప్రజలు, ఫ్రెంచి సంతతివారు ఎక్కువమంది కతోలిక క్రైస్తవులు. ఇంగ్లీషువారు పోతే హిందువుల సంఖ్యాబలం క్రింద తాము నలిగిపోతామని వారు భయపడ్డారు. గేటాన్ దువాల్ నాయకత్వాన పి.ఎం.ఎస్.డి. పార్టీ స్వాతంత్ర్యం వద్దు, ఇంగ్లండుతో అనుబంధం చాలునన్నది. 1967 ఆగస్టు 7న జరిగిన ఎన్నికల్లో స్వాతంత్ర్య పక్షాలకు 62 స్థానాలలో 39 వచ్చాయి, ప్రతిపక్షానికి 23. ఓట్ల లెక్కలో మాత్రం సుమారు నూటికి 44 వంతులు స్వాతంత్ర్యాన్ని కోరని పక్షానికి పడ్డాయి. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోలులకు, మహమ్మదీయులకు మధ్య ఘోరమైన కొట్లాటలు జరిగాయి. అణచటానికి ఇంగ్లీషు సైన్యం రావలసివచ్చింది. ఉత్సవానికి రావలసిన ఇంగ్లండు రాకుమారి అలెగ్జాండ్రా ప్రయాణం రద్దయింది.

అట్టి వాతావరణంలో 1968 మార్చి 12న మధ్యాహ్నం షాం ద మార్స్ మైదానంలో ఇంగ్లీషు జెండా దిగింది; ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ చారల జెండా ఎగిరింది. గాంధీగారు దండియాత్రకు బయలుదేరిన తేదీ కూడా మార్చి 12. అదే సంవత్సరం మారిషస్ ఐక్యరాజ్య సమితిలోను, ఆఫ్రికా ఐక్యతా సంస్థలోను సభ్యత్వం పొందింది.

గెలిచినవారు ఓడినవారిని ఏమి చేశారు? ఈ ప్రశ్నే ఏ స్వాతంత్ర్యానికైనా గీటురాయి. రాజ్యాంగంలోనే ఒక ఏర్పాటు చేశారు. ఎన్నికైన 62 మంది గాక, తక్కువ స్థానాలు వచ్చిన వర్గాలకు ఓడిపోయినవారిలో మెరుగైన ఓట్లు పొందినవారి నుండి ఎనిమిది స్థానాల వరకు ఇవ్వవచ్చును. ఈ పద్ధతిపై ఆ తరువాత విమర్శలు వచ్చాయి గాని, భయపడిన ప్రజలకు ఆనాడది ధైర్యమిచ్చింది. 1969లో రామ్‌గులాం తన ప్రత్యర్థి దువాల్ పార్టీని ప్రభుత్వంలో చేర్చుకొన్నారు. దువాల్ విదేశాంగ మంత్రి అయ్యారు. అదే సంవత్సరం ఆ ద్వీపంలో పుట్టిన జాన్ మార్జియో పోర్ట్ లూయీకి పీఠాధిపతి అయ్యారు. ఆ పీఠంపై ద్వీపవాసి కూర్చోవటం అదే మొదటిసారి. 1988లో ఆయన కార్డినల్ కూడా అయ్యారు. అల్పసంఖ్యాకులు ఆ దేశం విడిచి పోకుండా తమదిగా భావించటానికి ఇట్టి చర్యలు తోడ్పడ్డాయి.

తీరని బాకీ

స్వాతంత్ర్యానికి ఇంగ్లండు ఒక ధర తీసుకొన్నది. 1965 నవంబరు 8న చాగోస్ దీవులను మారిషస్ నుండి విడదీసి తన వద్ద ఉంచుకొన్నది; అందుకు 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. అందులోని డియేగో గార్షియా దీవి అమెరికా సైనిక స్థావరమయింది. 1968 నుండి 1973 వరకు అక్కడి ప్రజలనందరినీ ఖాళీ చేయించి మారిషస్, సీషెల్స్ రేవులలో దింపారు. వారిలో అధికులు బానిసల సంతతివారు. 2019 ఫిబ్రవరి 25న హేగ్ లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టబద్ధం కాదని అభిప్రాయం తెలిపింది. 2025 మే 22న ఇంగ్లండు, మారిషస్ ప్రభుత్వాలు ఆ దీవుల సార్వభౌమత్వం మారిషస్‌కు చెందేలా ఒప్పందంపై సంతకాలు చేశాయి. స్వాతంత్ర్యం ఒక్క రోజులో జెండాతో ముగిసేది కాదనుటకు ఇది నిదర్శనం.

మారిషస్ 1992 మార్చి 12న గణతంత్ర దేశమయింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. 1990 డిసెంబరులో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగాయి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధిస్తారు. నాటి కూలీల పేర్లు, ఊళ్ళు వ్రాసిన రిజిస్టర్లు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయి. తమ పూర్వుల ఊరు ఏదని వెదకుతూ అక్కడివారు ఆ పుటలు తిప్పుతారు.

మనము నేర్చుకొనవలసినది

మనవారు ఓడలెక్కుతున్న ఆ రోజుల్లోనే, 1846లో, ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు సవాయి దేశంలోని అన్నెసీ నుండి బయలుదేరి విశాఖపట్టణంలో దిగారు. మన ప్రాంతపు కతోలిక సంఘాల కథ అక్కడ మొదలైంది. ఒక ఓడ మన మనుష్యులను తీసుకొనిపోయింది. మరొక ఓడ మనకు బడులను, ఆసుపత్రులను, సువార్తను తెచ్చింది. రెండవదాని చరిత్ర మన విచారణల పుస్తకాల్లో వ్రాసి ఉన్నది. మొదటిదాని చరిత్ర ఇక్కడ వ్రాసినవారు అరుదు. వెళ్ళినవారు నిరుపేదలు, వారి వెనుక మిగిలినవారికి వ్రాయటం రాదు.

అందుచేత సంఘస్థులకు మా మనవి రెండే. మన పల్లెల నుండి నేటికీ ఎందరో పనికోసం దూరదేశాలకు పోతున్నారు. పోయే ప్రతివాడు తాను సంతకం చేసే కాగితంలో ఏమున్నదో చదువుకొని పోయేటట్లు చూడటం మన విచారణల పని కావలెను. ఒక సాయంకాలం, ఒక దీపం, ఒక పలక చాలునని మారిషస్ పల్లెల పాకలు నిరూపించాయి. రెండవది, అల్పసంఖ్యాకులమని భయపడి దూరంగా నిలబడే సంఘం కంటె, దేశం తనదని నమ్మి లోపల నిలబడే సంఘం ఎక్కువ కాలం బతుకుతుంది. ఇరుగుపొరుగు మతస్థులతో కలసి తమ దేశాన్ని నిలుపుకొన్న ఆ ద్వీపపు క్రైస్తవులు దీనికి సాక్షులు.

మన ఇండ్లలో వృద్ధులు ఇంకా ఉన్నారు. సముద్రం దాటి తిరిగిరాని తాత పేరు ఎవరికైనా గుర్తుంటే, ఊరి పేరుతో సహా ఒక కాగితం మీద వ్రాసి విచారణ కార్యాలయంలో దాచిపెట్టండి. రేపు ఆ ద్వీపం నుండి ఎవరైనా ఆ పేరు అడుగుతూ మన గుమ్మం ముందుకు రావచ్చును.